చెయ్యి లేస్తే సాంచ ఆగాలె

నాకు గొంతుంది. గొప్ప చెప్పుకోవడం కాదిది, మా ఆవిడ రోజూ చేసే ఫిర్యాదు. పాలవాడితో రెండు ముక్కలు మాట్లాడితే చాలు, ఎదురు వరస ఇళ్ళ చాల్‌లో వాళ్ళు కిటికీ తెరిచి చూస్తారు. సైన్యంలో ఇరవై నాలుగేళ్ళు చేశాను. అందులో ఆఖరి తొమ్మిదేళ్ళూ కొత్తగా భర్తీ అయిన కుర్రాళ్ళకి కవాతు నేర్పే పని. అక్కడ నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. మైదానం ఈ కొసన నేను "థమ్!" అంటే ఆ కొసన బూట్లన్నీ ఒక్కసారే ఆగేవి. హవల్దారుగా పెన్షన్ తీసుకుని భివండీలో మా పద్మనగర్‌కి తిరిగొచ్చినప్పుడు ఒక ఇనప్పెట్టె తెచ్చుకున్నాను, ఈ గొంతు తెచ్చుకున్నాను. పెట్టె అటకెక్కింది. గొంతుకి మాత్రం ఇంట్లో చోటు దొరకలేదు.

"గిది పల్టన్ గాదయ్యా, ఇల్లు," అంది మా ఆవిడ రెండో నెలలోనే. "ఎవలనన్న ఉరికియ్యాలె అనిపిస్తే బయటికి వోయి ఉరికియ్యి. వట్టిగొడ్డుకు అరుపులెక్కువ అని ఊకెనే అన్నరా!"

ఆ మాటకి ఒళ్ళు మండి బయటికి పోయినవాణ్ణి నిజంగానే ఉరికించడం మొదలుపెట్టాను. కామత్‌ఘర్ వెనకాల ఖాళీ జాగా ఒకటుంది. పొద్దున ఆరింటికి అక్కడ పిల్లలు చేరేవారు. మొదట్లో నలుగురు, ఈ ఏటికి ఇరవై ఇద్దరు, అందులో ఐదుగురు ఆడపిల్లలు. అందరికీ ఫౌజులో భర్తీ కావాలనే ఆశ. అందరూ మనవాళ్ళే, కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన, నేతపని చేసే సాలోళ్ళ పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కొట్లాటకి మాత్రం హిందీ. నన్ను వాళ్ళూ ఉస్తాద్ అనే పిలిచేవారు. ఆ పిలుపు చెవిన పడితే మోకాళ్ళ నొప్పి కూడా కాసేపు మర్చిపోయేవాణ్ణి.

నాయకుడికి ఏ గుణాలుండాలి అని ఆ రోజుల్లో ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఛాతీ ఉండాలి, గొంతుండాలి, చూపు సూటిగా ఉండాలి. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నిజానికి సైన్యంలోనే నా లెక్క ఒకసారి తప్పింది. కొండ ప్రాంతం నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు, నత్తి. వాణ్ణి నేను దేనికీ ముందు నిలబెట్టలేదు. కానీ పొడవాటి నడకల్లో మిగతావాళ్ళు నీళ్ళ సీసా మూత తీసేముందు ఒకసారి వాడి మొహం చూసేవాళ్ళు. వాడు తల ఊపితే తాగేవాళ్ళు, లేకపోతే మూత పెట్టేసేవాళ్ళు. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. నాకు అర్థంకాని దాన్ని పట్టించుకోకపోవడం నాకు మొదట్నుంచీ ఉన్న జబ్బు.

సంగతికొస్తాను. సాతారా వైపు ఒక రిటైర్డ్ సుబేదార్ సాబ్ భర్తీకి పోయే పిల్లలకి మూడు నెలల శిబిరం నడుపుతారు. తిండీ, పడకా, చదువూ, కవాతూ అన్నీ ఉచితం. నాలాంటి ఒక్కో ఉస్తాద్ దగ్గర నుంచి ఒక్కరినే తీసుకుంటారు. అదీ గుంపుకి సీనియర్‌గా ఉన్నవాళ్ళనే, ఉస్తాద్ మాట మీదే. అక్కడికి పోయినవాళ్ళలో చాలామంది ఒంటి మీదికి సైనికుడి వర్దీ వచ్చాకే ఇంటికొస్తారు. ఈ ఏడు నా గుంపుకి కూడా ఒక సీటు ఇస్తామని ఆయన ఫోన్ చేశారు.

నా మనసులో ఉన్నవాడు ఒక్కడే. ఒక మరమగ్గాల కార్ఖానా యజమాని కొడుకు. ఆరడుగుల మనిషి, తలుపంత ఛాతీ, గొంతు అచ్చం నా గొంతే. వాడు "ఏక్, దో" అని అడుగు చెబుతుంటే నాకే రోమాలు లేచేవి. వాడినే సీనియర్‌ని చేశాను. మంచివాడే, ఆ మాట కూడా చెప్పాలి.

అదే సీటు కోసం నోరు తెరిచి అడిగిన మనిషి ఇంకొకరున్నారు. కార్ఖానాలో నూలు కండెలు చుట్టే అమ్మాయి. సన్నగా, పొట్టిగా ఉంటుంది. గొంతు పక్కవాళ్ళకి వినబడితే గొప్ప. పరుగులో ఆడపిల్లల్లో మొదటిది, మగపిల్లల్ని కలిపినా మూడోదో నాలుగోదో. ఒకరోజు కవాతయ్యాక వచ్చి నిలబడింది.

"ఉస్తాద్, నాకు వచ్చే ఏడు వయసు దాటిపోతది. గీ ఏడే ఆఖరు. పొద్దంత కార్ఖానాల పని, రాత పరీచ్చకు చదువుదామంటే టైమే దొరుకది. గా శిబిరానికి నన్ను పంపుండ్రి."

"సీనియర్‌నే పంపాలె బిడ్డా. నీకు గొంతేది? పిట్ట కొంచెం కూత ఘనమంటరు. నువ్వు పిట్టా కొంచెమే, కూతా కొంచెమే," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా కొద్దిగా నవ్వింది. నేనేదో చమత్కారం చేశాననుకున్నాను.

గొంతొక్కటే అయితే ఏమో గానీ, ఆమెకి ఇంకో అలవాటుండేది. సావధాన్‌లో నిలబెడితే కళ్ళు కుదురుగా ఉండేవి కావు. కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి, మళ్ళీ కుడి. తల కదలదు, కళ్ళు కదులుతాయి. ఒక్కోసారి చేతివేళ్ళు కూడా. కవాతులో అది తప్పు. "ముందల చూడు! పెండ్లిచూపులకు వచ్చినవా?" అని అరిచేవాణ్ణి. రెండుసార్లు మైదానం చుట్టూ పదేసి చుట్లు కొట్టించాను. కొట్టింది. మర్నాడు మళ్ళీ అదే చూపు. ఇది మొండితనమని అనుకున్నాను. కార్ఖానాలో పుట్టి పెరిగినవాణ్ణి నేను, నాకు తెలియొద్దూ? ఆ తెలియకపోవడమే నా తప్పు.

మా నాయన సాంచలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ని మేం సాంచ అంటాం. ఒక్కో మనిషి నాలుగు, ఆరు సాంచలు చూస్తాడు. ఒకదాని ముందు నిలబడితే మిగతా వాటి మీద కన్నుండాలి. ఎక్కడ పోగు తెగినా బట్ట పాడవుతుంది. అందుకే సాంచ నడిపేవాళ్ళ కళ్ళు ఒకచోట నిలవవు. ఇక ఆ చప్పుడులో మాటలు నడవవు కాబట్టి కార్ఖానాలో అన్నీ చేతి సైగలే. నీళ్ళు తాగి రావాలంటే పక్కవాడి వైపు చూసి, రెండు వేళ్ళు కళ్ళ దగ్గర పెట్టి, తన సాంచల వైపు చూపిస్తారు. నా సాంచలు చూడు అని. వాడు ఛాతీ మీద చెయ్యి పెడతాడు. ఇక ఆ మనిషి వచ్చేదాకా వాటి బరువు వీడిదే.

అన్నిటికన్నా పెద్ద సైగ ఒకటుంది. రెండు చేతులూ తల మీదికెత్తి, మణికట్టు దగ్గర కత్తెరలా వేస్తారు. ఎవరి చెయ్యో యంత్రం పట్టాలో పడబోతోందనో, అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరిపడిందనో అర్థం. అది చూసినవాళ్ళు చూసినట్టు తమ సాంచ ఆపి తామూ చేతులెత్తాలి. ఎత్తింది ఎవరని చూడరు. యజమాని సేఠ్ ఎత్తినా, కండెలు చుట్టే ముసలమ్మ ఎత్తినా ఒకటే. మొదట ఎత్తినవాళ్ళు దించేదాకా ఎవరూ సాంచ నడపరు.

నాకు పదేళ్ళప్పుడు ఒకసారి ఊరికే, ఏమవుతుందో చూద్దామని ఎత్తాను. నలభై సాంచలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి నాకు ఏడుపొచ్చింది. నాయన కొట్టలేదు. పక్కన కూచోబెట్టుకుని, "చెయ్యెత్తుడు అల్కటి పని గాదు బిడ్డా. ఎత్తినోడే అందర్ని చూసుకోవాలె. అందరు మంచిగున్నరని తెలుసుకున్నంకనే దించాలె," అన్నాడు. ఆయన నాతో ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నాకు ఆ చప్పుడన్నా, నోరు లేనట్టుండే ఆ మనుషులన్నా చికాకు. పంతొమ్మిదేళ్ళకే ఫౌజుకి పారిపోయాను. మళ్ళీ కార్ఖానా గడప తొక్కనని ఒట్టు కూడా పెట్టుకున్నాను. నాయన పోయాక ఆయనకి రావలసిన జీతం కోసం వెళ్ళినప్పుడు కూడా బయట వరండాలోనే నిలబడ్డాను.

సుబేదార్ సాబ్ పంపిన కాగితం నింపి తిరిగి పంపాను. సీనియర్ పేరు రాశాను. అందులో గళ్ళున్నాయి: గొంతు, నిలకడ, ధైర్యం, క్రమశిక్షణ. అన్నిటికీ "అతి ఉత్తమం" అని రాశాను. రెండో పేరు కూడా రాయమంటే ఆమె పేరు రాసి, ఎదురుగా "పక్క చూపులు చూస్తుంది" అని పెట్టాను.

ఆ తర్వాతి ఆదివారం మాన్కోలి పోయాం. అక్కడ గోదాముల వెంట పొడవాటి తిన్నని రోడ్డుంది, ఆదివారం పొద్దున కాస్త ఖాళీగా ఉంటుంది. షేర్ ఆటోల్లో దిగి, రెండు వరుసల్లో పరుగు మొదలుపెట్టాం. సీనియర్ వరుసల ముందు, పిల్లల వైపు తిరిగి వెనక్కి ఉరుకుతూ అడుగు చెబుతున్నాడు. అలా వెనక్కి ఉరకడం వాడికి నేనే నేర్పాను, చూడ్డానికి బాగుంటుందని. నేను స్కూటర్ మీద వెనకాల వస్తూ అడుగులు కలుస్తున్నాయా లేదా అని పాదాలు చూస్తున్నాను. ఒక గోదాము దగ్గర జనరేటర్ మోగుతోంది. దాని పక్కన రెండు లారీలు ఇంజను ఆపకుండానే నిలబడి ఉన్నాయి. మాట వినబడే చోటు కాదు.

ఉన్నట్టుండి నా కాలు బ్రేకు మీద పడింది. ఎందుకు పడిందో తెలియదు. తల ఎత్తి చూస్తే, ఎడమ వరుసలో ఆ అమ్మాయి ఒక అడుగు బయటికి వచ్చి నిలబడి ఉంది. రెండు చేతులూ తల మీద, కత్తెరలా. వెనక ఉన్నవాళ్ళు ఆగి చేతులెత్తేశారు. ముందున్నవాళ్ళు సీనియర్ చూపు తమ వెనకే నిలిచిపోవడం గమనించి, తిరిగి చూసి ఆగారు. ఎదురుగా ఉన్న సీనియర్ నోట్లో "ఏక్" ఉంది, "దో" రాలేదు. వాడూ ఆగి చేతులెత్తాడు. అప్పుడు వాడి వెనక, లారీ చాటున ఉన్న గేట్లోంచి, ఒక పెద్ద ట్రైలర్ వెనక్కి వచ్చింది. వాడి వీపుకి రెండు చేతుల దూరంలోంచి, రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిదానంగా పోయింది. డ్రైవరుకి మేం అక్కడ ఉన్నట్టే తెలియదు.

ట్రైలర్ పోయింది. ఎవరూ కదల్లేదు. ఇరవై ఇద్దరూ చేతులెత్తి నిలబడ్డారు. ఆమె కుడి పక్క చూసింది, ఎడమ పక్క చూసింది, ఒక్కొక్కరి మొహమూ చూసింది. గేటు వైపు ఇంకోసారి చూసింది. నేను నా గొంతూ, నా హోదా అన్నీ ఉండి కూడా స్కూటర్ మీద అలాగే కూచుని ఆమె చేతుల వంక చూస్తున్నాను. నా రెండు చేతులూ గాల్లోనే ఉన్నాయి. ఆమె దించాక దించాను. యాభై దగ్గర పడ్డాక ఒక పిల్ల దించమనేదాకా చేతులెత్తి కూచున్నానా అని తర్వాత నవ్వొచ్చింది గానీ, అప్పుడు కాదు. ఆ చూపుకే కదా నేను ఇరవై చుట్లు కొట్టించింది! సిగ్గేసింది.

ఇంటికి పోయి మా ఆవిడకి చెబితే, "గిది సమజ్ గానీకి నీకు ఇరవై నాలుగేండ్ల ఫౌజు గూడ సాలలే," అంది. అన్నం మాత్రం దగ్గర కూచుని పెట్టింది.

మర్నాడు సుబేదార్ సాబ్‌కి ఫోన్ చేశాను. పేరు మార్చాలన్నాను. ఆయన హిందీలో నన్ను బాగానే ఉతికారు. "వారం కిందట 'అతి ఉత్తమం' అన్నావు. ఇప్పుడేమైంది? ఈ అమ్మాయికి గొంతుందా?" అన్నారు. "లేదు సాబ్," అన్నాను. "మరి ఏముంది?" కాగితంలో గళ్ళన్నీ గుర్తు చేసుకున్నాను. ఒక్క గడిలోనూ అది ఇమడదు. "ఆమె ఆగమంటే నేను ఆగాను సాబ్. ఎందుకని అడగలేదు," అన్నాను. ఆయన, "పంపు. కానీ ఆ కుర్రాడికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను," అన్నారు.

కుర్రాడికి చెప్పడం నాకు ఫోన్‌కన్నా కష్టమైంది. మైదానం గోడ దగ్గర కూచోబెట్టి చెప్పాను. మొహం ఎర్రబడింది.

"నేనేం తప్పు జేసిన ఉస్తాద్?"

"ఏం జెయ్యలే. నిన్న నువ్వెందుకు ఆగినవ్ రా?"

"చెయ్యి లేచింది గద."

"ఎవల చెయ్యి?"

వాడు చెప్పబోయి ఆగాడు. "ఎవలదైతేంది... లేచింది. ఆగిన," అన్నాడు. లేచి పోయాడు. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, ముందు కాదు, వరుసలో నిలబడ్డాడు. వాడికి ఇంకా రెండేళ్ళ వయసుంది. వెనక్కి ఉరుకుతూ అడుగు చెప్పడం మానేశాడు, నేనూ మానిపించేవాణ్ణే.

సీటు దొరికిందని చెబితే అమ్మాయి ఎగిరి గంతేస్తుందనుకున్నాను. మొహం చిన్నబోయింది.

"నేను వోతే బాపుకు పోగు తెగిందని ఎవలు చెప్తరు ఉస్తాద్?"

అప్పుడు తెలిసింది ఇంటి సంగతి. తల్లి లేదు. నలభై ఏళ్ళు సాంచల మధ్య ఉండి తండ్రికి చెవులు పూర్తిగా పోయాయి. ఇప్పుడు చూపూ తగ్గుతోంది. ఆయన సాంచలు నడుపుతుంటే ఆమె పక్కనే కూచుని కండెలు చుడుతూ, దూరపు సాంచల్లో పోగు తెగితే లేచి ఆయనకి చెబుతుంది. అందుకే ఆయన పని నిలిచింది. ఇంట్లో మాటంతా సైగలే. ఆమె గొంతు ఎందుకు పెరగలేదో నాకు అప్పుడు అర్థమైంది. అరవాల్సిన మనిషికి వినబడనప్పుడు గొంతు దేనికి?

"మీ బాపుతోని నేను మాట్లాడుత," అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, అందుకు కార్ఖానాలోకి పోవాలి.

పోయాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ గడప దాటాను. చప్పుడు అదే. నూనె వాసన అదే. ఆయన నాలుగు సాంచల మధ్య తిరుగుతున్నాడు, ఆమె ఎడమ పక్క కూచుని ఉంది. నేను చూస్తుండగానే లేచి వెనక నుంచి ఆయన భుజం మీద చెయ్యి వేసి, పోగు తెగిన సాంచ వైపు కొద్దిగా నొక్కింది. ఆయన తిరిగి చూడకుండానే, "ఆఁ బిడ్డా," అని, సరిగ్గా ఆ తెగిన పోగు దగ్గరికి పోయి ముడేశాడు. తర్వాత ఆమె శిబిరం సంగతి సైగలతో చెప్పింది. ఆయన విన్నాడు, అంటే చూశాడు. చెవిటి మనుషులు మాట్లాడే పెద్ద గొంతుతో, ఆ చప్పుడుని దాటి, "పో! గీ సాంచలు నాకంటే ముందుగాల పుట్టినయా, ఏంది? నేను సూసుకుంట, పో!" అన్నాడు. చూసుకోలేడని మాకు ముగ్గురికీ తెలుసు.

వెళ్ళే రోజు బస్టాండుకి పోయాను. ఇరవై ఒక్కమందీ వచ్చారు, సీనియర్ కూడా. ఆమె పెట్టె బస్సు మీదికి ఎక్కించింది వాడే. బస్సు కదిలేముందు కిటికీలోంచి నా వైపు చూసింది. సెల్యూట్ చేస్తుందనుకుని నేను మడమలు దగ్గరికి చేర్చాను. చెయ్యలేదు. రెండు వేళ్ళు కళ్ళ దగ్గర పెట్టుకుంది, తర్వాత కామత్‌ఘర్ వైపు, వాళ్ళ బాపు పనిచేసే కార్ఖానా ఉన్న దిక్కు చూపించింది.

నా చెయ్యి ఛాతీ మీదికి దానంతటదే పోయింది.

ఇప్పుడు పొద్దున కవాతయ్యాక కార్ఖానాకి పోతున్నాను. మధ్యాహ్నం అన్నం వేళ దాకా ఉంటాను, ఆ తర్వాత సీనియర్ వస్తాడు, నేను అడక్కుండానే వస్తానన్నాడు. ఆమెకి భర్తీ పరుగు వచ్చే నెల. మొదటి రోజు నేను ఆమె కూచునే చోట, ఎడమ పక్క, స్టూలు మీద కూచున్నాను. కళ్ళు కుడికీ ఎడమకీ తిప్పడం మొదట్లో కష్టమైంది. కాసేపటికి మూలనున్న సాంచలో పోగు తెగింది. అలవాటు కొద్దీ నోరు తెరిచాను. మళ్ళీ మూసుకుని, లేచిపోయి, వెనక నుంచి ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

ఆయన తిరిగి చూడలేదు. "ఆఁ బిడ్డా," అన్నాడు.